రెండు కళ్ళూ కొట్టిన అమ్మాయి

ఆ అమ్మాయి నా షాపులో అడుగుపెట్టిన మొదటి నిమిషంలోనే మా పిల్లి ఆమె చెయ్యి గీరేసింది.

నేను వాచీలు బాగుచేస్తాను. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. షాపులో కౌంటరు, కౌంటరు వెనక నా కుర్చీ, కుర్చీ వెనక గోడకి ఒక చెక్క అర. ఆ అర మా పిల్లిది. దాని పేరు ఇన్‌స్పెక్టరు. ఆడపిల్లికి అదేం పేరని నన్ను అడక్కండి, అమ్మమ్మ పెట్టింది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా చుట్టూ తిరిగి వాసన చూసి గానీ వదిలేది కాదట. మూడు నెలల క్రితం అమ్మమ్మ పోయింది. అప్పటినుంచి ఇన్‌స్పెక్టరు తనిఖీలు మానేసి లాఠీఛార్జీ మొదలుపెట్టింది.

“అయ్యయ్యో, సారీ అండీ! రక్తం వచ్చిందా?” అంటూ కంగారుగా లేచాను.

“వచ్చింది లెండి. తప్పు నాదే. పరిచయం లేకుండా చెయ్యి చాచాను,” అంది ఆ అమ్మాయి, రుమాలు చుట్టుకుంటూ.

ఇలాంటి కస్టమర్ని నేనెప్పుడూ చూడలేదు. గీరించుకున్నవాళ్ళు ముందు పిల్లిని తిడతారు, తర్వాత నన్ను తిడతారు, ఆ తర్వాత వాచీ తీసుకుని పక్క వీధి షాపుకి పోతారు.

పిల్లి ఒక్క గెంతులో నా వెనక అర మీదికి చేరింది. నేను ఆమె తెచ్చిన వాచీ విప్పి చూశాను. బ్యాటరీ అయిపోయింది, అంతే. తలెత్తేసరికి ఆ అమ్మాయి నావైపే చూస్తోంది. చూస్తూ చూస్తూ రెండు కళ్ళూ నెమ్మదిగా మూసింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అంతే నెమ్మదిగా తెరిచింది.

నా చేతిలో స్క్రూడ్రైవర్ జారి కింద పడింది.

ఒక కన్ను కొడితే అల్లరి అనుకోవచ్చు. రెండు కళ్ళూ కొడితే దాన్ని ఏమంటారో ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. వాచీ బెల్టు వదులైందట. ఆ మర్నాడు బిగుతైందట. నాలుగో రోజు శుభ్రంగా నడుస్తున్న అలారం గడియారం పట్టుకొచ్చింది.

“ఇది మరీ గట్టిగా మోగుతోందండీ.”

“అలారం కదండీ, గట్టిగానే మోగాలి.”

“ఓహో, అలాగా?” అని, ఏదో గొప్ప సంగతి తెలిసినట్టు తలూపి, మళ్ళీ రెండు కళ్ళూ కొట్టి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి వీధి చివర కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుందని ఆరా తీశాను. అక్కడితో ఆగానా? క్షవరం చేయించుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పౌడరు కూడా రాసుకున్నాను, దాచడం ఎందుకు!

ఇటు నా గుండె గంతులేస్తుంటే, అటు ఇంట్లో ఇన్‌స్పెక్టరు నన్ను బతకనివ్వడం లేదు. అన్నం ముట్టదు. చేప వేస్తే వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. నా పక్క మీద ఉచ్చ పోసింది, చెప్పుల్లో పోసింది. దగ్గరికి వెళ్తే బుస్సుమంటుంది. ఇది చాలదన్నట్టు అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, మా ఇంటి పైకప్పు తీసేస్తున్నారు. నాలుగు నెలలు నీ దగ్గరే ఉంటాం. వచ్చే ఆదివారం చిన్నదాన్ని తీసుకుని వస్తున్నా.”

“రా అక్కా, నీ ఇల్లు కాదా?”

“ఆ పిల్లి సంగతేంటి? చిన్నదానికి ఇంకా రెండేళ్ళు నిండలేదురా. మొహం మీద గీరిందంటే ఏం కావాలి? మీ బావకి తెలిసిన పేపరు గోడౌను ఉంది. ఎలుకలు పట్టడానికి పిల్లి కావాలంటున్నారు, అక్కడ ఇచ్చేద్దాం.”

“అది అమ్మమ్మ పిల్లి అక్కా.”

“నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? ఆదివారం దాకా చూస్తా. దాని తీరు మారకపోతే మాత్రం పంపించెయ్యాల్సిందే,” అంది.

అక్కని తప్పు పట్టలేను. కానీ పదకొండేళ్ళు అమ్మమ్మ ఒళ్ళో పెరిగిన పిల్లిని ఎలుకల మధ్యకి తోలడానికి నాకు మనసొప్పలేదు. ఈ ఇంట్లో అమ్మమ్మది మిగిలింది అదొక్కటే. అందుకే పని పూర్తవగానే దాని ముందు కూర్చుని, ఎక్కడ ఏం చెడిందో కనిపెట్టాలని చూసేవాణ్ణి. అది నా చేతిని కొరికేది. ఇలా నాలుగు రోజులు గడిచాయి.

గురువారం సాయంత్రం వాన పట్టుకుంది. ఆ అమ్మాయి సగం తడిసి, పరుగున షాపులోకి వచ్చింది. జుట్టు మీద చినుకులు, చేతిలో అదే అలారం గడియారం.

“ఇప్పుడు మరీ మెల్లగా మోగుతోందండీ,” అంది. అంటూనే నావైపు చూసి రెండు కళ్ళూ నెమ్మదిగా మూసి తెరిచింది.

ఇక తాడోపేడో తేల్చుకోవాలనిపించింది.

“చూడండీ,” అన్నాను గొంతు సవరించుకుని. “మీరు వారం రోజులుగా... అలా కళ్ళతో... నేను గమనించలేదని అనుకోకండి. నాకూ ఇష్టమేనండీ.”

“ఏది ఇష్టం?”

“అదే... మీరు.”

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. నా భుజం మీదుగా వెనక్కి చూసింది. చేత్తో నోరు మూసుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి.

“అయ్యో రామా! మీ వెనక పిల్లి ఉందండీ!”

వెనక్కి తిరిగాను. అర మీద ఇన్‌స్పెక్టరు ముందుకాళ్ళు మడుచుకుని నన్ను చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులోకి దూకేవాణ్ణే, కానీ మా షాపుది గచ్చు నేల.

“అంటే ఆ కళ్ళు కొట్టడమంతా...”

“పిల్లికేనండీ. వాళ్ళ భాషలో నమస్కారం లాంటిది. ‘నీకు నావల్ల భయం లేదు, చూడు, నీ ముందే కళ్ళు మూసుకుంటున్నాను’ అని చెప్పడం.”

“ఈ బెల్టు, అలారం?”

“అవీ పిల్లి కోసమే. ఏదో ఒక వంక లేకపోతే రోజూ ఎలా వస్తాను?”

నాకు ఒళ్ళు మండింది. సిగ్గు ఎక్కువైతే నాకు కోపమే వస్తుంది. “అయితే మా పిల్లితోనే మాట్లాడుకోండి. నాకు పనుంది,” అని భూతద్దం కంటికి బిగించుకున్నాను. మా పనివాళ్ళం వాచీ లోపలి పళ్ళచక్రాలు చూడటానికి ఒక కంటికి పెట్టుకునే నల్ల గొట్టం లాంటి భూతద్దం అది.

ఆమె బయటికి వెళ్దామని చూసింది. వాన కుండపోతగా కురుస్తోంది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

“మీ అమ్మమ్మగారు నాకు తెలుసు,” అంది కాసేపటికి, వీధిలోకి చూస్తూనే.

నేను తలెత్తాను.

“నెలకోసారి కళ్ళద్దాల ఫ్రేము సరిచేయించుకోవడానికి వచ్చేవారు. అరగంట కూర్చుని ఈ పిల్లి కబుర్లే చెప్పేవారు. ఆవిడ పోయారని తెలిశాక దీన్ని చూడాలనిపించింది. మీ షాపు అద్దంలోంచి చూస్తే బక్కచిక్కిపోయి కనిపించింది. అందుకే వచ్చాను.”

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నెలకోసారి ‘నాతో రారా, ఒక్కదాన్నే వెళ్ళలేను’ అని అమ్మమ్మ అడిగేది. పని ఉందని ఒక్కసారి కూడా వెళ్ళలేదు నేను. ఆ మాట ఆ అమ్మాయితో చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. కళ్ళు చెమర్చాయి.

ఆమె దగ్గరికొచ్చి కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుంది. “ఆదివారం లోపు ఇది మారకపోతే గోడౌనుకి పంపేస్తారు,” అని అసలు సంగతీ చెప్పేశాను.

“మీరు దీన్ని ఎలా చూస్తారో ఒకసారి చూపించండి.”

అలవాటు ప్రకారం పిల్లికి ఎదురుగా వెళ్ళి, మొహం దగ్గర పెట్టి, ఏం తేడా ఉందా అని గుచ్చి గుచ్చి చూశాను. ఇన్‌స్పెక్టరు చెవులు వెనక్కి వాల్చి బుస్సుమంది.

ఆ అమ్మాయి తల పట్టుకుంది. “ఆ భూతద్దం తియ్యండి మహాప్రభో! రోజూ అలాగే చూస్తున్నారా?”

చెయ్యి పెట్టి చూసుకుంటే భూతద్దం కంటికే ఉంది. పొద్దున పెట్టుకుంటే రాత్రిదాకా ఉన్న సంగతే నాకు గుర్తుండదు.

“కళ్ళార్పకుండా చూడటమంటే పిల్లికి ‘రా, తేల్చుకుందాం’ అన్నట్టు. అందులో ఒక కన్ను కోడిగుడ్డంత! దాని ప్రాణం ఏమైపోవాలి? అది పొగరు కాదండీ, భయం.”

“మరి అమ్మమ్మని ఎప్పుడూ గీరలేదే?”

“ఆవిడ కళ్ళలో తడి ఆరిపోయేది. మంట తగ్గడానికి నెమ్మదిగా కళ్ళు మూసి తెరవమని నేనే చెప్పాను. అంతకుముందు కూడా ఆవిడ అలవాటు అదే. పదకొండేళ్ళు ఆ కళ్ళు దీనికి రోజంతా ‘భయం లేదమ్మా’ అని చెప్పాయి. ఇప్పుడా కళ్ళు లేవు.”

నేను భూతద్దం తీసి జేబులో వేసుకున్నాను.

“ఆవిడ వస్తువులు ఉతక్కుండా ఏమైనా మిగిలాయా?” అని అడిగింది. దుప్పట్లు, చీరలు అన్నీ అమ్మమ్మ పోయిన వారంలోనే ఉతికించేశాను. ఇంట్లో అమ్మమ్మ వాసన మిగల్లేదని నాకు తట్టనే లేదు. పిల్లి పక్క మీద పోసింది అందుకేనంది ఆమె. తన వాసనైనా ఉంటే కాస్త ధైర్యమట.

చివరికి గుర్తొచ్చింది. కళ్ళద్దాల డబ్బా! అమ్మమ్మ తలగడ కిందే పెట్టుకునే డబ్బాలో, అద్దాలు తుడుచుకునే చిన్న గుడ్డముక్క అలాగే ఉంది. దాన్ని అర మీద పరిచి ఇద్దరం దూరంగా నేల మీద, పక్కకి తిరిగి కూర్చున్నాం.

“ఇప్పుడు?”

“కళ్ళు నెమ్మదిగా మూసి తెరవండి. తర్వాత ఊరుకోండి. రావాలనుకుంటే అదే వస్తుంది. మీరు మాత్రం వెళ్ళకూడదు.”

ఇన్‌స్పెక్టరు గుడ్డని వాసన చూసింది. మళ్ళీ చూసింది. దాని మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆ రాత్రి ప్లేటులో చేప మిగల్లేదు.

శుక్ర, శనివారాలు ఆమె పని అయ్యాక వచ్చింది. వంకలు అక్కర్లేకపోయాయి. పిల్లి దొడ్డికి వెళ్ళే ఇసుక తొట్టిని వాషింగ్ మెషీన్ పక్కనుంచి తీయించింది. ఆ మోతకి జడిసే పిల్లి అటు వెళ్ళడం లేదట. మేమిద్దరం నేల మీద కూర్చుని పిల్లికి కళ్ళు కొట్టాం. గురువారం నేనన్న మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, కానీ ఆ మాట మా ఇద్దరి మధ్య కూర్చునే ఉంది. శనివారం ఇన్‌స్పెక్టరు దిగొచ్చి నా మోకాలికి తల రుద్దింది. నేను ఊపిరి బిగబట్టాను.

“గాలి పీల్చండి, పోతారు,” అంది ఆమె, నవ్వాపుకుంటూ.

ఆదివారం అక్క వచ్చింది. సామాన్లు దించుతూ ఒక్క నిమిషం చిన్నదాని చెయ్యి వదిలిందో లేదో, అది తిన్నగా వెనక గదిలోకి పరుగెత్తింది. ఇన్‌స్పెక్టరు నేల మీదే ఉంది. చిన్నది దాని ముందు చతికిలబడి కళ్ళింత చేసుకుని చూస్తోంది. పిల్లి చెవులు వెనక్కి వాలాయి.

“ఒరేయ్, పట్టుకోరా!” అంది అక్క.

పరుగెత్తితే పిల్లి బెదురుతుంది. అందుకే చిన్నదాని పక్కన మెల్లగా కూర్చున్నాను.

“బంగారూ, మనం బజ్జుందామా? ఇలా కళ్ళు మూసుకో... మెల్లగా... ఆ, ఇప్పుడు తెరువు.”

చిన్నది బుగ్గలు బిగించి కళ్ళు మూసుకుంది, తెరిచింది. నేనూ అలాగే చేశాను. ఇంకోసారి చేశాం. ఇన్‌స్పెక్టరు చెవులు ముందుకొచ్చాయి. అది కూడా కళ్ళు మెల్లగా మూసి, తెరిచింది. లేచి వచ్చి చిన్నదాని పాదం చుట్టూ తిరిగి వాసన చూసింది. మూడు నెలల తర్వాత మొదటి తనిఖీ.

“పిల్లి బజ్జుంది మామయ్యా!” అంది చిన్నది.

అక్క గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. “అమ్మమ్మ ఇలాగే చూసేదిరా,” అంది. కాసేపయ్యాక ముక్కు తుడుచుకుని, “ఇదంతా నీ బుర్రలో పుట్టింది కాదు. ఎవరు నేర్పారు?” అంది.

చెప్పాను. పౌడరు సంగతి తప్ప.

“గోడౌనువాళ్ళకి వద్దని చెప్పేస్తాను గానీ, ఆ అమ్మాయిని భోజనానికి పిలువు. నువ్వు పిలవకపోతే నేనే వెళ్ళి కళ్ళు పరీక్ష చేయించుకుంటా,” అంది అక్క.

సోమవారం సాయంత్రం ఆమె వచ్చింది. చేతిలో వాచీ లేదు, గడియారం లేదు.

“పిల్లి ఉంటుంది,” అన్నాను ముందే. “అక్క ఒప్పుకుంది. ఇంకోటి... మిమ్మల్ని భోజనానికి రమ్మంది.”

ఆమె మొహం విప్పారింది. తర్వాత నావైపు చూస్తూ రెండు కళ్ళూ నెమ్మదిగా మూసి తెరిచింది.

అనుభవం ఉన్నవాణ్ణి కదా, వెనక్కి తిరిగి చూశాను. అర ఖాళీగా ఉంది. ఇన్‌స్పెక్టరు లోపల చిన్నదాని పక్కన నిద్రపోతోంది.

“పిల్లి లోపలుందండీ,” అన్నాను.

“తెలుసు. గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంది.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “మీ అమ్మమ్మగారు అనేవారు, మా మనవడు మంచివాడే గానీ అన్నిటినీ వాచీలాగే చూస్తాడని.”

నేను భూతద్దం కంటినుంచి తీసి కౌంటరు మీద పెట్టాను. గుచ్చి చూడలేదు. తొందరపడలేదు. కుర్చీలోంచి కదల్లేదు. రెండు కళ్ళూ నెమ్మదిగా మూశాను.

తెరిచేసరికి ఆమె కౌంటరు దాటి ఇవతలికి వచ్చేసింది.