పిలుపు పట్టీ

"అమ్మా," అంది యంత్రం. తెర మీద గీత కదల్లేదు.

"అయ్యా," అంది. అప్పుడూ కదల్లేదు.

"నేను బతికే ఉన్నానంటారా డాక్టరమ్మ గారూ?" అంది నూకరత్నం, మణికట్టుకు కట్టిన పట్టీ వంక చూసుకుంటూ.

హైమావతి నవ్వలేదు. ఆ పిలుపు పట్టీని కనిపెట్టిన సైంటిస్టు ఆవిడే. అప్పటికి కాకినాడలో బస్సులు, ఆస్పత్రి తలుపులు అన్నీ మాట్లాడుతున్నాయి. చీర చూసి అమ్మా అంటే కొందరికి ముల్లు గుచ్చుకున్నట్టుండేది. మీసం చూసి అయ్యా అంటే ఇంకొందరికి. మనసుకు నప్పిన పిలుపు చెవిన పడితే గుండె ఓ క్షణం తడబడి, అరచెయ్యి వెచ్చబడుతుంది. పట్టీలోని సెన్సర్ దాన్ని పసిగట్టి కంప్యూటర్‌కి చెబుతుంది. ఇక ఊళ్లో ప్రతి యంత్రమూ ఆ మనిషిని అలాగే పిలుస్తుంది. నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

మనిషికి ఒక్కటే పిలుపు. అక్కడే వచ్చింది చిక్కు.

రత్నం పుట్టడం ఆడపిల్లగానే పుట్టింది. తండ్రితో పడవెక్కి వల లాగిన నాటి నుంచీ ఆయనకు "ఒరేయ్" అయింది. ఆయన పోయాక పడవ తనదై, దాని మీద పనిచేసే కలాసీలకు "అన్న" అయింది. లుంగీ ఎగ్గట్టి చుక్కాని పడితే తనకు తాను మగాడిలాగే తోచేది. ఇంటికొచ్చి తలంటుకుని మల్లెలు తురుముకుంటే ఆడదాన్నే అనిపించేది. రెండిట్లో ఏదీ అబద్ధం కాదు. ఇక గౌరి పిలిచే పిలుపొకటుంది, అది తలుపేసుకున్నాకే. వాళ్లిద్దరిదీ కాపురమని పేటంతా ఎరుగుదురు. ఎవరూ పైకి అనరు, గౌరి అననివ్వదు.

పట్టీ లేకపోతే బస్సు ఎక్కనివ్వదు. పట్టీ ఏదో ఒకటి తేల్చేసి, ఊరంతా అదే మోగితే, మిగతా పిలుపులన్నీ తనలో చచ్చిపోతాయేమోనని రత్నం బెంగ.

"దగ్గరివాళ్లు పిలిచి చూడాలి," అంది హైమావతి. "గౌరి గారూ, ఈవిణ్ణి మీరేమని పిలుస్తారు?"

చేపల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్న గౌరి ఉలిక్కిపడింది. "ఏమనీ పిలవనండి. ఇదిగో అంటాను."

గీత కాస్త వణికింది.

"ఇంకేదో ఉంది," అంది హైమావతి.

"ఏముంటుందండి, చేపలమ్ముకునేవాళ్లం." గౌరి గంప మీద గుడ్డ సర్దింది. మళ్లీ సర్దింది. రత్నం మొహం కేసి చూసింది. తప్పిపోయిన పిల్లలా ఉంది ఆ మొహం. గౌరి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"బావా," అంది.

గీత తెర దాటి పైకి పోయింది.

హైమావతి అదే మాట యంత్రం చేత అనిపించింది. గీత లేవలేదు. "మాట అదే కదా, ఏమైంది దీనికి?"

"మాటదేముందండీ," అంది రత్నం సిగ్గుపడుతూ. "పిలిచిన మనిషిది గానీ. మా నాన్న లేచొచ్చి ఒరేయ్ అంటే, అప్పుడూ ఇంతెత్తు లేస్తాను."

హైమావతి ఆలోచనలో పడింది. కంప్యూటర్ పడలేదు. ఎక్కువ ఎత్తు లేచిన పిలుపేదో చూసుకుని, ఊరి యంత్రాలన్నిటికీ పంపించేసింది.

బజారుకెళ్లే బస్సు కిటకిటలాడుతోంది. రత్నం మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, తేనెలాంటి ఆడగొంతు పలికింది. "రా బావా. ఎండనపడి వచ్చావు, ముందు సీట్లో కూర్చో."

చేపలవాళ్లంతా తలలు తిప్పారు. రత్నం మొహం కందిపోయింది. వెనకాలే ఎక్కిన గౌరి గంప దించి, కొంగు దోపింది.

"ఏమే, ఎవరే నీకు బావ?"

"నీకు కోపమొచ్చినట్టుంది," అంది బస్సు.

"రాదా మరి? అది నాకు బావ. నా మనిషి. ఆ మాట నాది."

అనేశాక గౌరి చుట్టూ చూసింది. బస్సంతా వింది. డ్రైవరు లేని బస్సు కూడా కాసేపు కదల్లేదు, మాట తేల్చుకుంటున్నట్టు.

"సరే అక్కా," అంది చివరికి. "నువ్వూ కూర్చో. బావ పక్కన చోటుంది."

కిటికీ దగ్గర ముసలి సత్తెమ్మ పగలబడి నవ్వింది. "ఊరుకోవే గౌరీ, అదేం తప్పన్నది? అక్క మొగుణ్ణి బావా అనక ఇంకేమంటారు?"