వాగులో నూనె డబ్బాలు

"మళ్ళీ మొదటికే వచ్చారు మీరు. మన పెళ్ళి కాకముందు నుంచీ స్టాథిస్ ఈ ఇంటి బండి నడుపుతున్నాడు. దొంగతనం చేసేవాడైతే ఇన్నాళ్ళు ఆగుతాడా?" అంది డెస్పినా.

"ఆగాడు కాబట్టే నమ్మాం," అన్నాడు అర్గిరిస్.

"గొంతు తగ్గించండి. అత్తయ్య వింటారు."

"అమ్మ ఇంట్లో ఉంటేగా! ఇంట్లో పొయ్యి పెట్టుకుని, తెల్లవారకుండానే పళ్ళెం మోసుకుని ఫోటిస్ రొట్టెల కొట్టుకి పోయింది. ఈ మధ్య రోజూ ఇదే వరస."

"నా పొయ్యిలో మాంసం ఎండిపోతుందిట. ఇంట్లో ఒక్క ఖాళీ సీసా కూడా నిలవనివ్వరు, నీళ్ళు అడుగంటీ అంటకముందే మాయం. మీ లెక్కన ఆవిడ్ని కూడా పోలీసులకి అప్పజెప్పాలి."

బల్లకి అవతల కూర్చున్న పొలిక్సెని చల్లారిన కాఫీ కప్పుని నెమ్మదిగా పక్కకి జరిపింది. ఆ రేవు పట్నంలో ప్రైవేటు డిటెక్టివ్ ఆవిడ ఒక్కతే. యాభై దాటిన మనిషి. ఎదుటివాళ్ళు పోట్లాడుకుంటుంటే మధ్యలో కలగజేసుకోదు. మనుషులు నిజాలు చెప్పేది అప్పుడేనని ఆవిడ నమ్మకం. ఆవిడ సహాయకుడు కిమోన్ పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. ఆవిడ చూపు ఎటు తిరిగితే తనూ అటే చూస్తూ కూర్చున్నాడు.

జరిగింది ఇది. తాళ్ళ ఫ్యాక్టరీ మూతపడ్డాక దిగువ వీధిలో చాలా ఇళ్ళకి సంపాదన లేకుండా పోయింది. అర్గిరిస్ నడిపే కొందాకోస్ ఆలివ్ నూనె కంపెనీ ఆ ఇళ్ళకి నెలనెలా ఒక డబ్బా నూనె స్టాథిస్ బండిలో ఉచితంగా పంపుతోంది. డబ్బా మీద ఎర్రటి పెద్ద అక్షరాలతో 'కొందాకోస్ కుటుంబం ప్రేమ కానుక' అని రాసి ఉంటుంది. వారం కిందట శ్మశానం వెనక వాగులో ఆ డబ్బాలు గుట్టగా దొరికాయి. అన్నీ ఖాళీవే.

"వాడు దారిలోనే నూనె అమ్ముకుని డబ్బాలు వాగులో పడేశాడు," అన్నాడు అర్గిరిస్. "దిగువ వీధి వాళ్ళని అడిగితే 'ముట్టింది బాబూ, దేవుడు చల్లగా చూస్తాడు' అంటారు. డబ్బా ఏదమ్మా అంటే నేలచూపులు. వాళ్ళ నోరు కూడా వాడే మూయించాడు. అందుకే పనిలోకి రావద్దన్నాను. మా ఆవిడ మిమ్మల్ని పిలిచింది కాబట్టి ఆదివారం భోజనం దాకా ఆగుతాను. సోమవారం వాడు పోలీస్ స్టేషన్లో ఉంటాడు. ఈ నూనె పంపకం కూడా ఆపేస్తాను."

"మీ అమ్మగారికి ఈ సంగతి తెలుసా?" అని అడిగింది పొలిక్సెని.

"అయ్యో, చెప్పలేదండీ," అంది డెస్పినా. "ఆవిడ గుండె మంచిది కాదు. స్టాథిస్ అంటే కన్నకొడుకుతో సమానం. అతనికి జ్వరం, ఇంట్లో పడుకున్నాడని చెప్పాం."

జనవరి చలి. వాగులో గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. పొలిక్సెని ఒక డబ్బా మూత తీసి తెల్ల రుమాలు మీద బోర్లించింది. ఒక్క చుక్క రాలలేదు. పుల్లతో అడుగంతా గీకినా పేరుకున్న నూనె అంటలేదు.

"ఏమర్థమైంది కిమోన్ గారూ?"

"ఖాళీ డబ్బా అని అర్థమైంది మేడమ్."

"ఈ చలికి నూనె నెయ్యిలా పేరుకుంటుంది. దొంగ తొందరలో ఉంటాడు. వచ్చిన మట్టుకు వంపుకుని మిగతాది వదిలేస్తాడు. ఈ డబ్బాని ఎవరో చివరి చుక్క దాకా, తీరిగ్గా, వెచ్చటి చోట కూర్చుని వంచారు. ఇటు చూడండి." డబ్బాకి ఒకవైపు ఎర్రరంగు బుడగలు తేలి ఉంది. సెగ తగిలిన గుర్తు. చుట్టూ ఉన్న డబ్బాలన్నిటికీ అదే పక్క, అవే బుడగలు.

దిగువ వీధిలో వాళ్ళు మొదట వెళ్ళింది గారిఫాలియా ఇంటికి. ఆమె భర్త తాళ్ళ ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేసినవాడు. పొయ్యి మీద చిక్కుళ్ళు నూనెలో మునిగి ఉడుకుతున్నాయి. కిటికీ గట్టు మీద మంచినీళ్ళ సీసా ఒకటి ఉంది. అందులో పచ్చటి నూనె పేరుకుని ఉంది.

"నూనె ముట్టిందా అమ్మా?"

"ముట్టిందని ఎన్నిసార్లు చెప్పాలి? స్టాథిస్ మీద ఈగ వాలితే ఊరుకోం."

"మరి డబ్బా?"

"డబ్బా ఎందుకండీ, కాల్చుకు తింటామా?"

కిమోన్ నవ్వాపుకున్నాడు. పొలిక్సెని గొంతు మార్చలేదు. "మీవారు ఇంట్లో లేరా?"

"కాఫీ కొట్టుకి వెళ్ళారు. మళ్ళీ వెళ్తున్నారు ఈ మధ్య."

"అంతకుముందు వెళ్ళేవారు కాదా?"

గారిఫాలియా గరిటె తిప్పడం ఆపింది. "ఒక నెల మానేశారు. గుమ్మం దాటలేదు." మళ్ళీ గరిటె తిప్పింది.

అక్కణ్ణుంచి స్టాథిస్ ఇంటికి వెళ్ళేసరికి అతను పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. మనిషి రాయిలా ఉన్నాడు, జ్వరం జాడ లేదు. లోపల బల్ల మీద కోడిగుడ్డు, నిమ్మరసం వేసిన చారుగిన్నె, దాని మీద నీలం పువ్వులు కుట్టిన గుడ్డ. అలాంటి గుడ్డే పొద్దున డెస్పినా వాళ్ళ బల్ల మీద రొట్టెల బుట్టకి కప్పి ఉంది.

"జ్వరానికి పంపారండీ," అన్నాడు స్టాథిస్ సిగ్గుపడుతూ.

"నీకు జ్వరం లేదుగా?"

"పంపినవాళ్ళకి నాకు జ్వరమని చెప్పారట. తాగకపోతే బాధపడతారు."

"సోమవారం నిన్ను పోలీసులకి అప్పజెబుతారు. తెలుసా?"

"నేను దొంగని కానండీ. అంతకుమించి చెప్పను. మాటిచ్చాను."

"ఎవరికిచ్చావో వాళ్ళకి నీ మీద ఈ నింద పడిందని తెలుసా?"

స్టాథిస్ గొడ్డలి పక్కన పెట్టాడు. "తెలియకూడదు. ఆ గుండె తట్టుకోదు."

బయటికొచ్చాక కిమోన్ ఆగలేకపోయాడు. "మేడమ్, ఇంతకీ దొంగెవరు?"

"దొంగ లేడు కిమోన్ గారూ. అదే ఈ కేసులో చిక్కు. రేపు స్టాథిస్‌ని భోజనానికి తీసుకురండి, రానంటే లాక్కురండి."

ఆదివారం కొందాకోస్ ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరారు. అర్గిరిస్, డెస్పినా, వాళ్ళ కూతురు ఇయాంథి, అర్గిరిస్ తల్లి కల్లిరోయి, ఆవిడ ఎదురుగా పొలిక్సెని. ఫోటిస్ కొట్టులో కాలి వచ్చిన మేకపిల్ల మాంసం మధ్యలో పొగలు కక్కుతోంది. కిమోన్ వెనకాల స్టాథిస్ తలవంచుకుని వచ్చాడు. అర్గిరిస్ మొహం ఎర్రబడింది.

"లేచావా నాయనా! జ్వరం తగ్గిందా?" అంది కల్లిరోయి.

డెస్పినా గబగబా రొట్టెల బుట్ట అత్తగారి ముందుకి జరిపింది.

"ఈ సంగతి తెలియాల్సిన మనిషికి తప్ప అందరికీ తెలుసు," అంది పొలిక్సెని. "పెద్దమ్మగారూ, మీ అబ్బాయి స్టాథిస్‌ని దొంగ అంటున్నారు. మీ గుండెకి మంచిది కాదని మీకు చెప్పలేదు."

"పొలిక్సెని గారూ!" అని డెస్పినా లేవబోయింది.

"డబ్బాల్లో నూనె చివరి చుక్క దాకా వంచారు. ఈ చలిలో అది సెగ పక్కనే సాధ్యం. తెల్లవారుజామున ఈ ఊళ్ళో సెగ ఉండేది రొట్టెల పొయ్యి దగ్గర. ఇంట్లో మంచి పొయ్యి పెట్టుకుని రోజూ అక్కడికి ఎవరు వెళ్తున్నారు? ఇంట్లో ఖాళీ సీసాలు ఎందుకు నిలవడం లేదు? అలాంటి నీళ్ళ సీసాలోనే గారిఫాలియా ఇంట్లో నూనె చూశాను. నూనె ఎక్కడికీ పోలేదు అర్గిరిస్ గారూ, చేరాల్సిన ఇళ్ళకే చేరింది. మారింది గిన్నె మాత్రమే."

కల్లిరోయి చేతిలో రొట్టెముక్క కింద పెట్టింది. ఆవిడ గుండెకి ఏమీ కాలేదు. కోపం మాత్రం వచ్చింది.

"వీణ్ణి దొంగ అన్నావట్రా? నేను బతికుండగా? నన్నడిగితే మొదటిరోజే చెప్పేదాన్నిగా!"

"నువ్వా అమ్మా? ఎందుకూ?"

"గారిఫాలియా మొదటి డబ్బా మూత కూడా తియ్యకుండా తెచ్చి మన గేటు దగ్గర పెట్టి వెళ్ళిపోయింది, ఇంట్లో నూనెచుక్క లేకపోయినా. ఆమె ఆ ఎర్ర అక్షరాల డబ్బా మోసుకుంటూ నడివీధిన నడిచిన రోజు నుంచీ ఆమె మొగుడు నలుగురిలోకి రావడం మానేశాడు. నీకు చెప్పాను, ఆ పేరు తియ్యరా అని. 'కనబడకపోతే ఇచ్చి ఏం లాభం అమ్మా' అన్నావు. ఇంకేం చెయ్యను? నేనూ స్టాథిస్సూ ఫోటిస్ పొయ్యి దగ్గర కూర్చుని సీసాల్లో పోశాం. రొట్టెల సంచిలో పెట్టి వీడు ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాడు. ఎవరింటికి ఏం వెళ్తోందో ఎవరికి తెలుస్తుంది?"

"డబ్బాలు చెత్తబండిలో వేస్తే ఊరంతా చూస్తారని వాగులో పడేశానండీ," అన్నాడు స్టాథిస్. "అదొక్కటే నా తప్పు."

"ఆ ఎర్ర అక్షరాలు గీసింది నేనే నానమ్మా," అంది ఇయాంథి చిన్నగా.

"బాగానే గీశావే తల్లీ. గంటగోపురం మీంచి చూసినా చదవొచ్చు."

కిమోన్ దగ్గు నటించాడు. అర్గిరిస్‌కి నవ్వు రాలేదు. "ఆ డబ్బాలు అందుకున్నవాళ్ళ ఫొటోలు లేకపోతే ఏథెన్స్ షాపుల వాళ్ళు మన సరుకు తీసుకోరమ్మా. మీరు సమాజానికేం చేస్తున్నారని అడుగుతారు. వాళ్ళకి ఏదో ఒకటి చూపించాలి."

"చూపించు. మన తోటలు చూపించు, గానుగ చూపించు. గారిఫాలియా మొహం చూపించకు."

అర్గిరిస్ పళ్ళెం పక్కకి జరిపాడు. భార్య వడ్డించబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. తర్వాత లేచి ఇంకో కుర్చీ లాగి, స్టాథిస్ భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. తన చేత్తోనే అతని గ్లాసులో వైన్ పోశాడు.

"తప్పు నాది స్టాథిస్. రేపు కాఫీ కొట్టులో అందరి ముందూ ఇదే మాట చెబుతాను," అన్నాడు.

"వద్దండీ. అక్కడ చెబితే నూనె సంగతి కూడా చెప్పాల్సొస్తుంది."

అర్గిరిస్ తలూపాడు. కూర్చుని, ఒక్కొక్కరి మొహం చూస్తూ గొంతు పెంచకుండా చెప్పాడు.

"ఇక డబ్బాలు పంపం. ఫోటిస్ కొట్టు పక్కన మన గది ఖాళీగా ఉంది. అక్కడ కుళాయితో పెద్ద పీపా పెడదాం. దాని మీద పేరుండదు. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుని పట్టుకెళ్తారు. ఇవ్వగలిగినవాళ్ళు పెట్టెలో ఏదో వేస్తారు, లేనివాళ్ళు వెయ్యరు. చూసేవాడెవడూ అక్కడ ఉండడు. ఈ ఇంటి నూనె కూడా ఇకమీదట అక్కణ్ణుంచే."

"మనం కూడా వరసలో నించోవాలా నాన్నా?" అంది ఇయాంథి.

"నించోవాలి. మొదట నేను వెళ్తాను."