ఆపరేషన్ స్టెబిలైజర్

వాడరేవు ఒడ్డున ఆరబెట్టిన చేపల పక్కన ఒక శవం దొరికింది. జేబులో కంప్యూటర్ కంపెనీ గుర్తింపు కార్డు. గుండెలో ఒకే ఒక్క బుల్లెట్.

గుంటూరులో ఒక మిరప కోల్డ్ స్టోరేజీ వెనక గదిలో చీఫ్ ఆ ఫొటోను బల్ల మీదకు తోశాడు.

"పేరు తోమా. సర్వీస్ ఇంజనీర్. ఇతను చనిపోయిన మర్నాడే ఇతని కంపెనీ పేరు చెప్పుకుని ఎవరో అద్దంకి దగ్గర జోసఫ్ గారి ఇంటికి వెళ్లారు. కంప్యూటర్ బాగుచేసి వచ్చారు."

ఏజెంట్ రెబ్కా ఫొటో మీంచి కళ్లు తిప్పింది. "జోసఫ్ గారంటే?"

"మన కోడ్ మాస్టర్. రిటైరయ్యాక కూడా సంకేతాలు తయారు చేసేది ఆయనే. సొంత ఇంట్లో, సొంత కంప్యూటర్ మీద. అది ఆన్ చేయగానే, మళ్లీ రోజూ నాలుగింటికి, తనను తానే చెక్ చేసుకుంటుంది, ముఖ్యమైనవి కాపీ చేసుకుంటుంది. ఆటోమేటిక్ మెయింటెనెన్స్. అందులోనే శత్రువు ఏదో దూర్చాడని నా అనుమానం."

"ఇప్పుడు అందులో ఉన్న కోడ్ ఎవరిది సార్?"

చీఫ్ ఫొటోను వెనక్కి తీసుకున్నాడు. "మన ఏజెంట్ ఏసోబు పడవది. చీకటి పడగానే ఆ సంకేతం ఎటు నుంచి వినిపిస్తే అతను అటు వస్తాడు. అది వాళ్ల చేతికి చిక్కితే, వాళ్ల ఓడే అతన్ని పిలుస్తుంది."

ఏసోబు రెబ్కాకు స్వయానా అన్న. ఆ సంగతి చీఫ్‌కు తెలుసు.

"అక్కడ మన మనిషి షాజాదీ ఉంది. కోడ్ వర్డ్ గుర్తుందిగా? వెళ్లు."

మధ్యాహ్నం దాటాక ఆ ఊళ్లో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఒక బైబిల్ ఉమెన్ బస్సు దిగింది. తెల్లచీర, చంకలో బైబిలు, అరిగిన చెప్పులు. మిరప తోటల మధ్య నుంచి తలవంచుకుని నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లు "వందనాలమ్మా" అన్నారు. ఆమె జాకెట్లో దోపుకున్న పెన్నులో సిరా లేదు. టియర్ గ్యాస్ ఉంది.

జోసఫ్ గారి తలుపు తీసింది షాజాదీ. నల్ల కళ్లద్దాలు, తెల్ల ప్యాంటు, ఎత్తు మడమల చెప్పులు. గుమ్మమంతా సెంటు వాసన.

"వాడరేవులో చేపలు ఎండాయా?" అంది రెబ్కా.

"మబ్బు పట్టింది. ఇంకా పచ్చిగానే ఉన్నాయి."

సరైన జవాబు. రెబ్కా లోపలికి అడుగు పెట్టింది. జోసఫ్ గారిని పత్తి బేళ్లు కట్టే తాడుతో కుర్చీకి బిగించి కట్టేసి ఉంచారు. అదే క్షణంలో ఆమె వీపుకు చల్లగా పిస్టల్ తగిలింది.

"నువ్వా?"

"నాకు రెండు జీతాలు రెబ్కా. వాళ్లది టైముకొస్తుంది."

రెబ్కా గిర్రున తిరిగి పెన్ను నొక్కింది. గది నిండా తెల్లటి పొగ. జోసఫ్ గారు పొలమారి దగ్గారు. రెబ్కా కళ్లు మండి నీళ్లు కారాయి. షాజాదీ మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"మా నాన్నది మిరప కొట్టు. బస్తాల మధ్యే నాకు ఉయ్యాల కట్టారు. ఇంకేమైనా తెచ్చావా సిస్టర్?"

ఇంకేమీ లేదు. కాసేపటికి రెబ్కాను కూడా ఇంకో కుర్చీకి కట్టేసింది.

షాజాదీ కంప్యూటర్ కింద ఉన్న స్టెబిలైజర్ డబ్బాను కాలితో తట్టింది. "ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. డాబా మీది టీవీ యాంటెన్నాకు కలిపాను. నాలుగింటికి మెయింటెనెన్స్ దానంతటదే మొదలవుతుంది. కోడ్ దానంతటదే వెళ్తుంది."

"మధ్యలో కరెంటు పోతే?"

"మా వాళ్లు అన్నీ చదివే పంపారు. నాలుగు నుంచి పొలాలకు త్రీఫేజ్ కరెంటు ఇస్తారు. ఆ టైములో కోత ఉండదు."

నాలుగైంది. ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద ఆకుపచ్చ నక్షత్రాలు ఒకటొకటిగా వరుసలో పడసాగాయి.

"ఆ వరుస నిండితే కోడ్ మొత్తం వెళ్లినట్టే అమ్మాయ్," అన్నారు జోసఫ్ గారు నీరసంగా. "ఒక్కటి తగ్గినా వాళ్లకు పనికిరాదు. కానీ ఎలా ఆపుతాం?"

రెబ్కా మణికట్లు తిప్పింది. తాడు ఇంకా లోపలికి కోసుకుంది. కుర్చీని జరపబోతే షాజాదీ పిస్టల్ ఊపింది. చిన్నప్పుడు అలకు భయపడి ఏడుస్తుంటే అన్న తనను భుజాన ఎక్కించుకుని సముద్రం చూపించాడు. ఇప్పుడతను అదే సముద్రం మీద, చెల్లెలి గొంతు వినపడనంత దూరంలో ఉన్నాడు. "ప్రభువా" అనుకుంది.

నక్షత్రాలు తెర చివరికి వస్తున్నాయి.

ఉన్నట్టుండి బయట పొలాల నిండా గుర్రుమని మోత లేచింది. గదిలో బల్బు ఎర్రబడింది. తెర మీది అక్షరాలు కుంచించుకుపోయాయి.

"ఏంటిది?" షాజాదీ గొంతు మారింది.

"మోటార్లు," అన్నారు జోసఫ్ గారు. "త్రీఫేజ్ ఇవాళ ఆలస్యంగా ఇచ్చినట్టున్నారు. ఇక్కడ అందరివీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే ఊరందరి మోటార్లూ ఒక్కసారే లేస్తాయి. వోల్టేజీ చచ్చిపోతుంది. ఆ సంగతి మీ కాగితాల్లో లేదా?"

షాజాదీ బయటికి పరిగెత్తింది. కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"ఏయ్! ఆ మోటార్లు ఆపండి!"

"నేను వేస్తేగా ఆపటానికి? అదే లేచింది," అన్నాడు రైతు బుల్లయ్య. "అయినా ఎందుకాపాలమ్మా? ఫ్యాను తిరగట్లేదా?"

"కాల్చేస్తా!"

"కాల్చు. తోట ఎండితే ఎటూ చచ్చేవాణ్ణే. ఒరేయ్ బుడానూ, ఇటు రారా! సినిమావాళ్లొచ్చారు!"

"ట్రాన్స్‌ఫార్మర్ కాడ మంటలేస్తుంటే సినిమా ఏందిరా!" దూరం నుంచి బుడాను గొంతు.

బయట ఫ్యూజు ఫట్‌మని పేలింది. ఇంకొక్క నక్షత్రం పడాల్సి ఉండగా తెర నల్లబడింది.

రెబ్కా ఊపిరి పీల్చుకోబోయింది.

"సంతోషపడకు," అన్నారు జోసఫ్ గారు. "నాలుగు మోటార్లు ఆపి, బుడాను ఫ్యూజు వేసేస్తాడు. కరెంటొస్తే ఇది మళ్లీ మొదటి నుంచి పంపుతుంది. కంపెనీ పేరు చెప్పుకుని వచ్చి అలాగే రాసింది ఆ పిల్ల."

చేయగలిగిందేమీ లేదు. ఇద్దరూ నల్లటి తెరను చూస్తూ కూర్చున్నారు. బల్బు వెలిగింది. కంప్యూటర్ కీచుమంది. తెర మీద ఒక వాక్యం పడింది.

MAINTENANCE. 1 INCOMPLETE JOB FOUND. DELETED.

ఆ తర్వాత ఒక్క నక్షత్రం కూడా రాలేదు.

జోసఫ్ గారు నోరు తెరిచి చూశారు. "ఇది నా పాత ప్రోగ్రామే! కరెంటు పోయి సగంలో ఆగిన పనుల్ని ముందు ఊడ్చేయమని రాశాను. మన ఊళ్లో అది లేకపోతే కంప్యూటర్ నడవదు. ఆ పిల్ల తీసేసిందనుకున్నా. దాని మీదే తనది అతికించింది!"

గుమ్మంలో బుల్లయ్య నిలబడ్డాడు, పిస్టల్‌ను రెండు వేళ్లతో చచ్చిన ఎలుకలా పట్టుకుని. "జోసఫ్ గారూ, ఆ మడమలేసుకుని ఆవిడ కాలవలో పడింది. ఇదీ పడింది. తోటలో ఆడోళ్లు ఆవిణ్ణి కదలనియ్యట్లేదు." తాళ్ల వంక చూశాడు. "మీరేంటి, ఇట్టా కట్టేసుకుని కూర్చున్నారు?"

చీకటి పడ్డాక జోసఫ్ గారి వైర్‌లెస్‌లో ఏసోబు గొంతు వినిపించింది. ఒడ్డు చేరాడు. రెబ్కా అప్పుడు ఏడ్చింది.

తర్వాత చీఫ్ లైన్లోకి వచ్చాడు. "బ్రహ్మాండం! ఎలా ఆపావ్?"

"నేనేం చేయలేదు సార్. చేతులు కట్టేసి ఉన్నాయి."

"అలా రిపోర్టులో రాస్తే ఢిల్లీలో నవ్వుతారు."

"మరి ఏం రాయమంటారు?"

"పని పూర్తయ్యేదాకా ఏజెంట్ రెబ్కా తన కుర్చీలోంచి కదల్లేదని రాయి."