తెర వెనక అయిదో అధ్యాయం

అరుణపురి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలు ఉండవు, కుర్చీలు ఉంటాయి. కుజగ్రహం దాకా కాగితం మోసుకురావడం ఎవరివల్లా కాలేదు కనుక, ఇక్కడి జనం చదవడాన్నే అరువిచ్చుకోవడం నేర్చుకున్నారు. మీరొక పుస్తకం చదువుతుంటే మీ మెదడులో ఏం జరిగిందో ఒక స్ఫటికంలో నిలిచిపోతుంది. దాని పేరు పఠనముద్ర. తర్వాత వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని తలకు పట్టీ బిగించుకుంటే, కాఫీ చల్లారేలోపు ఆ పుస్తకం వాళ్లకూ వచ్చేస్తుంది. బదులుగా వాళ్లూ తమ ముద్ర వదిలి వెళ్లాలి. గ్రంథాలయం పెట్టిన నియమం అదొక్కటే.

అయితే చదివేటప్పుడు మనిషి బుర్రలో పుస్తకం ఒక్కటే ఉంటుందా? పొద్దున ఇంట్లో పడ్డ గొడవ ఉంటుంది, పక్క కుర్చీలో అమ్మాయి ఉంటుంది. అందుకని కుర్చీ చేతికి ఒక మీట పెట్టారు. నొక్కితే ఆ కాసేపటిదీ ముద్రలో పడదు. దాన్ని తెర అంటారు. కుర్చీనీ తెరనీ కూడా కనిపెట్టిన డాక్టర్ వకుళే ఇప్పుడు గ్రంథాలయాధిపతి. ఊళ్లో ఆమెకు పఠనమాత అని పేరు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె తల దించుకుంటుంది. వినయం అనుకుంటారు పాపం.

ఆ ఉదయం నీటి కేంద్రం ఇంజనీరు దానియేలు పరుగులాంటి నడకతో ఆమె గదిలోకి వచ్చాడు. నీళ్లకు కోత మొదలైనప్పటి నుంచి ఊళ్లో అందరి పెదాల్లాగే అతని పెదాలూ పగిలి ఉన్నాయి.

"మేడం, తొట్టి పడుకుండిపోయింది. ఏం చేసినా లేవట్లేదు."

అరుణపురి తాగేది నేలకింది మంచును కరిగించిన నీళ్లు. అందులో విషపు ఉప్పు ఉంటుంది. దాన్ని తినే సూక్ష్మజీవులను పెద్ద తొట్టిలో పెంచుతారు. ఆ జీవులను పుట్టించినవారు ఆచార్య త్రిలోచనం. అవి ఇప్పుడు తినడం మానేసి నిద్రలోకి జారుకున్నాయి. పిల్లల వార్డుకు తప్ప ఎవరికీ పూటకు గ్లాసుడు మించి నీళ్లు లేవు.

"ఆచార్యుల పుస్తకం మళ్లీ మళ్లీ పెట్టుకుని చూశానండీ," అన్నాడు దానియేలు. "నాలుగో అధ్యాయం చివర 'నిద్రపోయిన తొట్టిని లేపే పద్ధతి తర్వాత చెబుతాను' అంటారు. అక్కడితో అయిపోద్ది. ఆయన రాయకుండానే పోయారనుకున్నాం. మీరు ఆయన శిష్యులు కదా, మీతో నోటిమాటగా ఏమన్నా చెప్పారేమోనని..."

వకుళ తన పూట వాటా నీళ్లు ఒక్క గుక్కలో తాగేసింది. దాహం వల్ల కాదు.

ఆయన రాశారు. కంప్యూటర్లో ఉన్న అసలు ప్రతిని అందరికంటే ముందు చదివింది తనే; మిగతా విద్యార్థులకు అందేది ఆమె ముద్రే. ఆ ఏడు భూమికి పంపే పరిశోధక స్థానం ఒక్కటే ఉంది. పరీక్ష ఆ అధ్యాయం మీదే వస్తుందని ఆమెకు తెలుసు. అందుకే అయిదో అధ్యాయం మొదలవగానే తెర మీట నొక్కి పట్టుకుంది. అందరి పరీక్షా అయ్యాక సరిచేద్దాంలే అనుకుంది. ఈలోపు ఆచార్యులు పోయారు, వెనకే వచ్చిన సౌరతుఫాను అసలు ప్రతిని తుడిచిపెట్టేసింది. స్ఫటికాలు మాత్రం మిగిలాయి. పుస్తకాలను కాపాడిందని అందరూ ఆమె కనిపెట్టిన కుర్చీని ఆకాశానికెత్తారు. ఆ చప్పట్ల మధ్య నోరు పెగల్లేదు.

"మా అమ్మ మీ బ్యాచేనండీ, రోజలీనమ్మ," అన్నాడు దానియేలు. "మీ ముద్రతోనే చదివింది. 'అంత బాగా చదివిపెట్టినా నా బుర్రకెక్కలేదురా' అని పోయేదాకా తనని తనే తిట్టుకుంది."

వకుళకు భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని అనిపించింది. ఈ గ్రహానికి ఆ దయ కూడా లేదు.

ఆమె లేచి గది మూలనున్న పఠన కుర్చీలో కూర్చుని పట్టీ బిగించుకుంది. "కోశం," అని యంత్రాన్ని పిలిచింది, "త్రిలోచనం గారి అయిదో అధ్యాయం. నా జ్ఞాపకంలోంచి తవ్వు."

దానియేలు కుర్చీ పక్కకు వచ్చాడు.

"అధ్యాయం విడిగా దొరకడం లేదండీ," అంది కోశం కాసేపటికి. "మీకు బాగా గుర్తున్నది దాన్ని దాచిన సంతోషం. వెనక వరుసలో తన వంతు కోసం ఎదురుచూస్తున్న ఒకావిడ ముఖం అందులో ఉంది. ఆ సంతోషం కొస పట్టుకుని లాగితే అధ్యాయం దాని వెంట వస్తోంది. రెండూ విడదీయలేను. తెర వేయమంటారా?"

వకుళ చెయ్యి దానంతట అదే మీట మీదికి పోయింది. దానియేలు ఆ చేతినే చూస్తున్నాడు. ఆమె దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"వద్దు. అంతా రానీ."

ముద్ర తయారయ్యాక దానియేలు పట్టీ పెట్టుకున్నాడు. లేచాక ఆమె ముఖంలోకి చూడలేదు. "అమ్మ నీలం చీర కట్టుకుంది," అని మాత్రం అన్నాడు. తొట్టి దగ్గరికి పరుగెత్తాడు.

ఊరికి మళ్లీ నీళ్లొచ్చాయి. పఠనమాత అన్న మాట మటుకు మళ్లీ వినబడలేదు. ఆ అధ్యాయం ఇక ఏ ఒక్కరి దగ్గరా ఉండిపోకూడదని వకుళ ముద్రను అందరికీ తెరిచింది. నీటి కేంద్రంలో కొత్త ఉద్యోగం ఒకటి ప్రకటించారు కాబట్టి కుర్రకారు కుర్చీల ముందు బారులు తీరారు. లేచి వెళ్తూ ప్రతివాళ్లూ ఆమెను ఒకలా చూసేవాళ్లు. ఆమె తల దించుకునేది. ఇప్పుడెవరూ దాన్ని వినయం అనుకోలేదు.

నెల తిరిగాక కోశం లెక్క చెప్పింది. "అరువు తీసుకున్న అందరూ తమ ముద్రలు వదిలారండీ. చాలామంది ఒకచోట తెర వేశారు."

వకుళ కళ్లు చెమ్మగిల్లాయి. ఈ పిల్లలకు తనమీద జాలి కలిగింది కాబోలు. "నా సిగ్గు మీదేనా?" అని అడిగింది.

"కాదండీ," అంది కోశం. "మీ సిగ్గును అందరూ తెరిచే ఉంచారు. తెర వేసింది అయిదో అధ్యాయం మీద."