అమ్మా, ఎలుకలూ, కంటి చుక్కలూ

పొద్దున్నే, కుట్టమని ఎవరో ఇచ్చిన తెల్ల చొక్కా మీద కాఫీ ఒలికింది. కుట్టుమిషను ఎడమ పక్కన కప్పు పెట్టింది కూతురే. "ఇదిగో అమ్మా" అని చెప్పి మరీ పెట్టింది. అయినా బట్ట తిప్పబోయిన అమ్మ మోచెయ్యి తిన్నగా వెళ్లి దానికే తగిలింది.

"ఇక్కడెవరు పెట్టారే దీన్ని?" అని అమ్మ గయ్యిమంది.

కూతురికి వెంటనే అర్థమైంది. పక్కనే ఉన్న కప్పు అమ్మకు కనపడలేదు! ప్రయోగశాలలో కూతురు చేసే పనే ఇది. గ్లకోమా అనే నీటికాసుల జబ్బు వచ్చిన ఎలుకల కళ్లలో, చూపును మెదడుకు మోసుకెళ్లే నాడీకణాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం. ముసలి ఎలుకల్లో ఏ జబ్బూ లేకపోయినా కొన్ని పోతాయి. జబ్బు కూడా తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. రెండేళ్ల క్రితం అమ్మకూ అదే జబ్బని తేలింది. అంచుల నుంచి చూపును తినేస్తుంది, మనిషికి తెలియనివ్వదు. రోజూ వేసుకోమని డాక్టరు చుక్కలిచ్చాడు.

"చుక్కలు వేసుకుంటున్నావా?"

"ఆఁ, వేసుకుంటున్నా, వేసుకుంటున్నా."

అబద్ధం చెప్పేటప్పుడు అమ్మ ఏదైనా రెండుసార్లు చెబుతుంది. కూతురు ఇంకేమీ అనకుండా, కాఫీ తుడవడానికి పాత గుడ్డ కోసం సొరుగు లాగింది. గుండీల డబ్బా వెనక నాలుగు సీసాలున్నాయి. ఒక్కదానికీ సీలు తీయలేదు.

"నాన్నా! ఏంటివి?"

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న నాన్న కత్తి ఆపాడు. "నన్నడక్కు తల్లీ. ఎవరికీ చెప్పొద్దంది. మీ అమ్మ మాట కాదని నేనీ ఇంట్లో బతకగలనా?"

"నెలకో సీసా, అంటే నాలుగు నెలలమ్మా! ఎందుకు మానేశావ్?"

అమ్మ మిషను మీంచి కాలు తీసింది. "కళ్లు భగ్గున మండుతాయే. పైగా అరగంట దాకా కుట్టు కనపడదు. మీ కొత్త మందేసిన ఎలుకల కళ్లు బాగున్నాయని నువ్వేగా గంతులేస్తూ వచ్చి చెప్పావ్? అందుకే ఆగా. నా కూతురు మందు కనిపెడుతుంటే ఇంకెవరిదో నాకెందుకు?"

కూతురికి కోపం ముంచుకొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది.

"గంతులేశాను, నిజమే. సగమే చెప్పాను. తప్పు నాదే. వాటి కళ్లు బాగవలేదమ్మా! మందు వెయ్యనివాటికంటే తక్కువ కణాలు పోయాయి, అంతే. ఆ మందు మనుషుల దాకా వస్తుందో రాదో కూడా తెలీదు. పోయిన కణం తిరిగి రాదు, ఎలుకకైనా నీకైనా."

"నాకంతగా ఏం పోలేదులే."

"అయితే కుడికన్ను మూసుకో. నా ముక్కే చూడు. ఎన్ని వేళ్లు?"

"ఏ వేళ్లు? ముందు చూపించవే."

గుమ్మంలో నిలబడ్డ నాన్న ముఖం పాలిపోయింది. కూతురి చెయ్యి అమ్మకు ఎడమ పక్కన అప్పటికే ఆడుతోంది. అమ్మ తల తిప్పి, ఆ వేళ్లను చూసి, గట్టిగా పట్టుకుంది.

"మిగిలినవాటిని నిలబెట్టొచ్చా?" అంది.

"నిలబెట్టొచ్చమ్మా. ఈ చుక్కలతోనే."

"చచ్చేదాకా కుట్టుకోవాలే నేను. ఏదీ, ఇలా ఇవ్వు."

ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఇన్ని నెలలు ఎందుకు మానేశారని కసిరి, చూపు పరీక్ష చేసి, మండని చుక్కలు రాసిచ్చాడు. కుట్టు పని ముగిశాక సాయంత్రం వేసుకోమన్నాడు. ఇక అమ్మను పట్టడం ఎవరి తరం? ఆరు కొట్టగానే తల వెనక్కి వాల్చి "రావయ్యా!" అని కేకేసేది. నాన్న చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాడు. "మీ ముసలి ఎలుకలెలా ఉన్నాయే?" అని రోజూ కూతురిని ఆరా తీసేది, పోటీ పెట్టుకున్నట్టు.

ఆరు నెలల తర్వాత కంటి ఆసుపత్రిలో అమ్మ మళ్లీ చూపు కొలిచే యంత్రంలో తల పెట్టి, వెలుగు కనపడినప్పుడల్లా బటన్ నొక్కింది. డాక్టరు ఆరు నెలల కిందటి కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టాడు. కూతురు ఆగలేక లాక్కుని, చూపు పోయిన చోట్లను చూపే నల్లగడులు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతేనమ్మా" అన్నాడు డాక్టరు నవ్వుతూ. "కొత్తగా ఏమీ పోలేదు."

ఎలుకల్లో వేల కణాలు పోయినట్టు రాసుకున్నప్పుడు చెమ్మగిల్లని కూతురి కళ్లు అక్కడ ఏరులై పారాయి.

"గెలిస్తే ఏడుస్తావేంటే పిచ్చిదానా?" అంటూ అమ్మ ఆమె భుజం పట్టుకుని బయటికి నడిపించింది. వరండాలో కూర్చున్న రోగులందరికీ వినపడేలా గొంతెత్తింది.

"చూడండి, మా అమ్మాయే! ఇంకా మందు కనిపెట్టనే లేదు, అప్పుడే నా కళ్లు కాపాడేసింది!"