అమ్మమ్మకి ఇరవై ఆరు సెకన్లు

"మా వీధి సిగ్నల్‌కి టైమ్ పెట్టిన మహానుభావుడెవరండీ?"

ట్రాఫిక్ ఆఫీసులో అందరి వేళ్లూ నావైపే తిరిగాయి. ఇలాంటి ద్రోహులతో కలిసి పని చేస్తున్నాను నేను!

వానలో తడిసొచ్చిన ఒక టీచరమ్మ, నీళ్లు కారుతున్న గొడుగును నా మ్యాపు మీద పెట్టింది. "నడిచేవాళ్లకి పన్నెండు సెకన్లా? రోడ్డు దాటడానికా, పరుగుపందేనికా?"

"నేనే స్వయంగా నడిచి కొలిచానండీ," అన్నాను పౌరుషంగా.

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఆరడుగుల పైనే ఉంటాను. ఆఫీసులో నా పేరు కొంగ.

"ఈ కాళ్లతోనా! రోడ్డుకి ఇవతల మా అమ్మమ్మ, అవతల కాలు విరిగి కూర్చున్న ఆమె చెల్లెలు. నెల్రోజులుగా అక్కాచెల్లెళ్లు బాల్కనీల్లోంచి చేతులూపుకుంటున్నారు. ఇదేం న్యాయం?"

నాకూ ఒళ్లు మండింది. "రేపు మీ అమ్మమ్మని నేనే దాటిస్తాను. చూద్దాం!"

చూశాం. అమ్మమ్మతో సగం దూరం వెళ్లేసరికే ఎర్రబొమ్మ వెలిగింది. ఒకటే హారన్లు. "ముసలమ్మని రోడ్డెందుకెక్కించావయ్యా?" అని అరిచాడు ఒక కారాయన. రోడ్డు వాడి తాతదా? అమ్మమ్మని మళ్లీ వెనక్కే నడిపించుకొచ్చాను. ఆ పన్నెండు పెట్టింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆఫీసుకెళ్లి ఇరవై ఆరు కావాలన్నాను.

"కార్లు ఆగిపోతాయయ్యా," అన్నాడు బాస్.

"ఆగనీయండి సార్! వాళ్లు కూర్చునే ఉన్నారు కదా. వానలో నిలబడేది నడిచేవాళ్లు! రద్దీలేని పక్కరోడ్డు టైమ్ కొంత తగ్గించి సర్దుతాను."

సంతకం పడేదాకా నేను ఆయన గదిలోంచి కదల్లేదు.

సోమవారం సన్నజల్లు. ఆకుపచ్చ బొమ్మ వెలిగింది. నేను చెయ్యందిస్తే, "అక్కర్లేదులే నాయనా," అని అమ్మమ్మ ఒక్కతే బయల్దేరింది. నేనూ టీచరమ్మా ఇవతలే నిలబడి ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాం. ఇరవై నాలుగుకి అవతల ఫుట్‌పాత్ ఎక్కేసింది. పైన బాల్కనీలో చెల్లెలు ఏడుస్తూ నవ్వుతోంది.

"ఇంకా రెండు మిగిలాయి!" అన్నాను.

"మనమే మిగిలిపోయాం," అంది టీచరమ్మ, నా తలదాకా అందని గొడుగును అందించాలని చూస్తూ.

"మీరంటే నాకిష్టమండీ," అనేశాను.

"అయితే ఆ రోజు నాతో అంత పోట్లాటెందుకు?"

"మీరే కదా నా మ్యాపు తడిపారు!"

అవతలనుంచి అమ్మమ్మ కేకేసింది. "ఏమే, పోట్లాట చాలు! ఆ అబ్బాయిని చెయ్యి పట్టుకుని తీసుకురా. మీ చిన్నమ్మమ్మ చూస్తానంటోంది!"

మళ్లీ ఆకుపచ్చ వెలిగింది. టీచరమ్మ చెయ్యి చాపింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు. కొట్టుకోనీ. జీవితంలో మొదటిసారి నెమ్మదిగా నడిచాను, ఇరవై ఆరు సెకన్లూ.