క్రిస్టెన్ ముద్ర

పొయ్యి మీద ఓట్స్ గంజి ఉడుకుతుండగా టోవె జర్మనీ అధికారుల నుంచి నిన్న వచ్చిన ఉత్తరాన్ని మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివినా అందులో మాట మారలేదు. సరిహద్దు అవతల, జర్మనీ దుకాణంలో ఉన్న మీ చెక్క బాతుబొమ్మల మీద యూరప్ భద్రతా గుర్తు 'సీఈ' ఉంది. భద్రతా పరీక్షల కాగితాలు పదిరోజుల్లో చూపాలి.

పరీక్షలే జరగలేదు, కాగితాలెక్కడివి? బాతు కడుపు కింద కాల్చిన ఆ రెండక్షరాలను ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. వాటినలా చదవొచ్చని ఎప్పుడూ తట్టలేదు.

"నాన్నా, నీ పేరు మన కొంప ముంచేలా ఉంది."

క్రిస్టెన్ రై రొట్టెకి వెన్న రాయడం ఆపలేదు. "సీ అంటే క్రిస్టెన్, ఈ అంటే ఎస్కిల్‌సెన్. నలభై ఐదేళ్ళ ముద్ర. వాళ్ళ గుర్తు నా తర్వాత పుట్టింది. వాళ్ళనే మార్చుకోమను!"

"యూరప్ మొత్తాన్నా?"

"పెద్దవాణ్ణి, ఆమాత్రం మర్యాద ఇవ్వరా?"

"నవ్వులాట కాదు నాన్నా! పరీక్ష అయిందనుకుని తల్లులు కొంటున్నారు."

"నా బాతుకి పరీక్షా? దాన్ని కొరుక్కుంటూనే పెరిగావు. ఏమైంది నీకు?"

టోవె చిన్న గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టింది. "పసిపిల్లల గొంతు కొలత ఇది. ఇందులో పట్టే ముక్కేదీ బొమ్మ నుంచి ఊడకూడదు. బాతు కన్ను నువ్వే లాగు."

ఆయన ధీమాగా పూసకన్ను పట్టుకుని మెలితిప్పాడు. రెండుసార్లు కదల్లేదు. మూడోసారి ఊడి చేతిలోకొచ్చింది. గొట్టంలో వేస్తే చప్పుడు చేస్తూ అడుక్కి పోయింది.

పక్కగదిలోంచి ఏ శబ్దమూ లేదు. టోవె కూతురు, పదినెలల ఎల్లెన్ గొంతు వినిపించి ఎంతసేపయింది?

ముందు పరుగెత్తింది క్రిస్టెనే. పాప బాతు తల నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. టోవె వేలితో పాప నోరంతా వెతికింది. తాత బాతును లాక్కుని తడిమాడు.

"ఒకటి... రెండు. రెండు కళ్ళూ ఉన్నాయమ్మా," అని అక్కడే నేల మీద కూలబడ్డాడు. బొమ్మ పోయినందుకు పాప, పాపను చూసి తల్లి, ఏడ్వడం మొదలుపెట్టారు.

క్రిస్టెన్ నేల మీంచి లేచాడు. "దుకాణానికి ఫోన్ చెయ్యి. అన్నీ వెనక్కి తెప్పించు. కొన్నవాళ్ళకి నేనే చెబుతా."

"నీకు జర్మన్ రాదుగా?"

"తప్పు నాదని చెప్పేంత వచ్చు."

పనిగదిలోకి వెళ్ళి మేకుకి వేలాడుతున్న, అక్షరాలు కాల్చే ముద్ర ఇనుమును తెచ్చాడు. దాన్ని కూతురి చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"బాతు పరీక్ష నెగ్గాక ఇవ్వు తల్లీ. అప్పటిదాకా నా పేరు నీ దగ్గరే ఉండనీ."